క్యాంపర్ వ్యాన్ కొనేముందు – 2వ పాఠం: నీళ్లు ఎక్కడ దిగుతాయి?

క్యాంపర్ వ్యాన్ అంటే లోపలే పడుకుని, వండుకునేలా కట్టిన బండి. పోయిన పాఠంలో బండి కిందికి దూరి ఛాసిస్ (అడుగు చట్రం) చూశాం, ఈసారి కప్పు, గోడలు. లోపల సోఫాలూ లైట్లూ ఎంత మెరిసినా ఇలాంటి బండిని పాడుచేసేది నీళ్లే, అదీ పైకి కనపడకుండా గోడ లోపలే. సముద్రం ఒడ్డున, అంతర్వేది, ఓడలరేవు వైపు బండి ఉంచేవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి.

నిచ్చెన వేసుకుని పైకెక్కండి. ఏసీకి, సోలార్ ప్యానెల్‌కి కప్పు కోసిన చోట సీలెంట్‌ని (సందులు మూసే రబ్బరులాంటి పూత) గోరుతో నొక్కితే సాగాలి, పెళుసుగా రాలకూడదు. పాత బండికి ఒక్కచోటే కొత్త సీలెంట్ దట్టంగా పూసి ఉంటే అక్కడ ఇదివరకే కురిసిందని అనుమానించండి. పాత సిలికాన్ సీలెంట్‌ని గీకేయకుండా దానిమీదే కొత్తది వేస్తే సరిగ్గా అంటుకోదు.

తర్వాత పైపుతో తడపాలి. చాలామంది నేరుగా పైనుంచి పోసేస్తారు, అది దండగ. పెంకుటింట్లో పెరిగినవాళ్లకి తెలుసు, చినుకు పడే చోటొకటి, పెంకు పగిలిన చోటొకటి. ఇక్కడా నీళ్లు ఫ్రేము వెంట పాకి ఎక్కడో కారతాయి. అందుకే కిటికీ కింది అంచు దగ్గర మొదలుపెట్టి, సన్నటి ధారతో పది నిమిషాలు తడిపి, లోపల ఒకరు టార్చి వేసి చూసి, పొడిగా ఉందంటేనే కొంచెం పైకి జరగాలి. మన తుఫాను వాన పక్కనుంచి కొడుతుంది కాబట్టి కిటికీలు, తలుపు వదలొద్దు.

లోపల మంచం కింద, అలమరా మూలల్లో ప్లైవుడ్ (ప్లై) అంచుని బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే లోపల కుళ్లినట్టే. కొత్తగా కట్టించుకుంటుంటే ప్లై మీద ఐఎస్ 710 (నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) ముద్ర చూడండి. ఆ ప్రమాణం ప్రకారం 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు.

అల్యూమినియం రేకుకి ఇనుప స్క్రూలు కొట్టారేమో కూడా చూడండి. ఉప్పుగాలికి వాటి చుట్టూ తెల్లటి పొడి లేచి, రేకు తినేసి, స్క్రూ వదులవుతుంది, ఆ సందులోంచే నీళ్లు దిగుతాయి. ఇనుము బదులు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేస్తే, వాటికి అయస్కాంతం అంటుకోకపోతే మంచిదేనంటారు, నమ్మకండి, 202 అనే చవకరకం స్టీలుకీ అంటుకోదు. సముద్రం దగ్గరైతే ఉప్పుకి బాగా తట్టుకునే 316 రకం అని బిల్లులో రాయించుకోండి.

బండి తడపడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపేయండి. వచ్చే పాఠం గ్యాస్, వైరింగ్.