ఎండాకాలంలో కుక్కతో బయటికి: మూడో పాఠం – ఒగర్పును చదవడం

మొదటి పాఠంలో వేళ గురించి, రెండో పాఠంలో నేల గురించి చెప్పుకున్నాం. పొద్దున ఆరు లోపే బయల్దేరడం, అరచేతి వెనక వైపును ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించి నేల కాలుతోందేమో చూడటం మీకు ఈపాటికి అలవాటయ్యే ఉంటుంది. కాకపోతే ఈ పాఠం పక్కన పెట్టండి. ఇంకో వారం ఆ రెండే చేసి రండి, తొందరేం లేదు.

వేళ చూసుకున్నా, నేల చూసుకున్నా ఇంకో ప్రమాదం మిగిలే ఉంటుంది. కుక్క తనంతట తాను ఆగదు. మనతో తిరగడమంటే దానికి ఎంత ఇష్టమంటే, లోపల ఒళ్లు కాగిపోతున్నా తోక ఊపుతూనే ఉంటుంది. బంతి విసిరితే పరుగెత్తి తెస్తూనే ఉంటుంది. లాబ్రడార్ ఉన్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. "అలిసిపోతే అదే కూర్చుంటదిలే" అనే మాట మన దగ్గర తరచుగా వినిపిస్తుంది. అది కూర్చునే సరికి చాలాసార్లు చెయ్యి దాటిపోయి ఉంటుంది. ఎప్పుడు ఆపాలో మనమే తేల్చాలి, అది తేల్చాలంటే చూడటం రావాలి. ఈ పాఠమంతా ఆ చూపు గురించే.

వేడి ఎటు పోతుంది

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన లెక్కలో అది జ్వరం, దానికి మామూలు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది అరికాళ్ల మెత్తల దగ్గరే, అది ఏ మూలకూ చాలదు. అందుకే ఒగరుస్తుంది. తడిగా ఉన్న నాలుక మీదుగా, నోటి లోపల, ముక్కు లోపల గాలి వేగంగా తిరుగుతుంటే అక్కడి తడి ఆవిరైపోతుంది. ఆ ఆవిరితో పాటే వేడి కూడా బయటికి పోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఒంటికన్నా చల్లగా ఉన్న గచ్చు మీద బోర్లా పడుకుంటే వేడి అందులోకి దిగుతుంది. గాలి చల్లగా ఉంటే గాలిలోకి పోతుంది. కానీ మే నెలలో నల్లగొండ ఎండను గుర్తు తెచ్చుకోండి. నీడలో కొలిచినా 43, 44 డిగ్రీల సెల్సియస్. కుక్క ఒళ్లు అదే సెల్సియస్ లెక్కలో సుమారు 38.5. అంటే చుట్టూ ఉన్న గాలి, బండలు, గోడలు అన్నీ దానికన్నా వేడిగా ఉన్నాయి. అప్పుడు వేడి బయటికి పోవడం అటుంచి, లోపలికే వస్తుంది. మిగిలిన దారి ఒగర్పు ఒక్కటే. ఒట్టి ఫ్యాన్ పెట్టి వదిలేస్తే లాభం ఎందుకు ఉండదో ఇప్పుడు అర్థమవుతుంది. బొచ్చు తడిగా ఉంటే ఫ్యాన్ సాయపడుతుంది, పొడిగా ఉంటే వేడి గాలే విసురుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. ఆ ఎండకు ఎలాగూ భయపడి ఇంట్లోనే ఉంటాం. నాకు దాని తర్వాత వచ్చే రోజులంటే ఎక్కువ భయం. మృగశిర వస్తుంది, నాలుగు చినుకులు పడతాయి, మబ్బు కమ్ముతుంది, వేడి 35కు దిగుతుంది. "ఎండ లేదు కదా" అని కుక్కను దూరం తీసుకుపోతారు. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు నాలుక మీది తడి సరిగ్గా ఆవిరి కాదు. మనకు చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్కపోత రోజున కుక్క ఎంత ఒగర్చినా ఫలితం తక్కువ. అలాంటి రోజు నడక సగానికి తగ్గించండి.

దారి ఒక్కటే కాబట్టి దాన్ని మూసేవి ఏవైనా ప్రమాదమే. మూతిని బిగించి కట్టే గుడ్డ మజిల్ వేసి ఎండలో తిప్పడం ఊపిరి తీయడంతో సమానం. తప్పనిసరైతే లోపల నోరు పూర్తిగా తెరుచుకునేంత చోటున్న బుట్ట రకం వాడండి. లాగే అలవాటున్న కుక్కకు మెడపట్టీ గొంతును నొక్కుతుంది, ఛాతీకి వేసే హార్నెస్ మేలు. ఇక పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ దారే ఇరుకు. వాటికి ఏప్రిల్, మే నెలల్లో నడక అంటే తెల్లవారుజామున వీధి చివరిదాకా పోయి రావడమే. ఒళ్లు చేసినవి, ముసలివి, గుండె జబ్బున్నవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఊరకుక్కలు ఎండకు కొంత అలవాటుపడి ఉంటాయి, అంతమాత్రాన వాటికి వడదెబ్బ తగలదని కాదు.

గుండు కొట్టించమంటారా అని చాలామంది అడుగుతారు. పొమరేనియన్, జర్మన్ షెపర్డ్, హస్కీ లాంటి రెండు పొరల బొచ్చు కుక్కలకు వద్దు. పై పొర ఎండను చర్మం దాకా రానివ్వదు. రోజూ దువ్వి, రాలిపోయే లోపలి బొచ్చు తీసేస్తే చాలు.

ముందు మామూలు తెలియాలి

కుక్క బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియకపోతే, బాగాలేనప్పుడు పోల్చుకోలేం. కాబట్టి అభ్యాసం ఇంట్లోనే మొదలవుతుంది.

కుక్క హాయిగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తుందో ఫోన్‌లో టైమర్ పెట్టి అర నిమిషం లెక్కపెట్టండి. దాన్ని రెండింతలు చేస్తే నిమిషానికి ఎంతో తెలుస్తుంది. ఎక్కువ కుక్కలకు 15 నుంచి 30 మధ్య ఉంటుంది. మీ కుక్క అంకె ఎంతో గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.

తర్వాత చిగుళ్లు. పై పెదవిని నెమ్మదిగా ఎత్తండి. చిగురు తడిగా, లేత గులాబీ రంగులో ఉండాలి. బొటనవేలితో ఒకసారి నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్లీ రంగు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్పను కాస్త కిందికి లాగి లోపలి రంగు చూడండి. మొదటి రోజు తల తిప్పేసుకుంటుంది. బతిమాలి, ఒక ముక్క ఉడికిన కోడిగుడ్డు పెట్టి, మర్నాడు మళ్లీ చూడండి. వారంలో దానికదే అలవాటవుతుంది. ఆపద వేళ చూడాలంటే ఈ అలవాటు ముందే ఉండాలి.

థర్మామీటర్ కూడా నేర్చుకోవాలి. మెడికల్ షాపులో దొరికే డిజిటల్‌ది చాలు, దాన్ని కుక్క కోసమే విడిగా ఉంచండి. కొసకు వాజ్‌లైన్ రాసి, ఒకరు తల దగ్గర పట్టుకుని మాట్లాడుతుంటే ఇంకొకరు తోక ఎత్తి ఒక అంగుళం దాకా పెట్టాలి. బీప్ వచ్చేదాకా చెయ్యి వదలొద్దు.

నడకలో చూడాల్సింది

ఇప్పుడు బయటికి పోదాం. నల్లగొండవాళ్లకు పానగల్ ఉదయ సముద్రం కట్ట, మహబూబ్‌నగర్‌వాళ్లకు పెద్ద చెరువు కట్ట అనుకోండి. పొద్దుపొడిచే వేళకు అక్కడుండాలి. సాయంత్రం కన్నా పొద్దునే మేలని మొదటి పాఠంలోనే చెప్పాను. పగలంతా కాగిన రాయి పొద్దుగూకాక కూడా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటుంది. లతీఫ్ సాహెబ్ గుట్ట పక్కన సాయంత్రం ఏడింటికి నిలబడితే ఆ సెగ మన మొహానికే తగులుతుంది, నేలకు దగ్గరగా నడిచే కుక్క సంగతి వేరే చెప్పాలా.

నడక మొదలైన కాసేపటికి కుక్క నోరు తెరుస్తుంది. నాలుక కింది పళ్ల మీద ఆని, కొస మాత్రం బయటికి కనిపిస్తుంది. చప్పుడు ఉండదు. ఏదైనా వాసన తగిలితే నోరు మూసి, ముక్కుతో గట్టిగా పీలుస్తుంది, మళ్లీ తెరుస్తుంది. ఆ నోరు మూయడమే మీరు పట్టుకోవాల్సిన గుర్తు. వాసన కోసం నోరు మూయగలుగుతున్నంతసేపు కుక్క ఒంటి వేడి దాని అదుపులోనే ఉందని నేను నమ్ముతాను. నడకలో నా కళ్లు ఎక్కువసేపు ఉండేది అక్కడే.

తర్వాతి దశలో వాసన మీద ఆశ పోతుంది. చెట్టు మొదలు పక్కనుంచి పోతున్నా నోరు తెరిచే ఉంటుంది. నాలుక పొడుగ్గా వేలాడి, చివర గరిటెలా వెడల్పయి, అంచులు పైకి ముడుచుకుంటాయి. పెదవుల మూలలు చెవులవైపు లాగినట్టు వెనక్కి పోతాయి, కళ్ల కింద ముడతలు పడతాయి. చూసేవాళ్లకు నవ్వుతున్నట్టు ఉంటుంది. ఫోటోలు తీసుకునేది కూడా అప్పుడే. దయచేసి ఫోన్ జేబులో పెట్టి నీడకు నడవండి. నడక అక్కడితో అయిపోయింది.

నీడలో నిలబెట్టి కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. కుక్కకు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు మామూలుగానే కావాలి. అంటే 25 కిలోల కుక్కకు లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. సీసా, చిన్న గిన్నె లేకుండా గడప దాటొద్దు. అయిదు నిమిషాల్లో ఒగర్పు నెమ్మదించి, ఒక్కసారైనా నోరు మూసిందంటే మెల్లగా ఇంటికి నడిపించొచ్చు. నెమ్మదించకపోతే నడిపించొద్దు. పొట్ట, అరికాళ్లు తడిపి ఆటో పిలవండి.

మూడో దశలో గొంతులోంచి గరగర వినిపిస్తుంది. చొంగ చిక్కబడి తీగలు సాగుతుంది. చిగుళ్లు ఇటుక రంగుకు తిరుగుతాయి, ఇంకా ముదిరితే పాలిపోతాయి. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు, వెనక కాళ్లు తడబడతాయి. వాంతులు, విరేచనాలు కావచ్చు. ఒంటి వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. ఇది వడదెబ్బ, ఇక్కడ నిమిషాలు లెక్క.

చల్లబరచడం: ముందే చేసి చూడండి

వడదెబ్బ తగిలిన కుక్కను చూసి అందరికీ టెన్షన్ పుడుతుంది. ఎత్తుకుని పశువుల దవాఖానకు పరుగెత్తాలనిపిస్తుంది. ముందు ఉన్నచోటే చల్లబరచాలి, తర్వాతే దవాఖాన. దారిలో గడిచే ప్రతి నిమిషం లోపలి అవయవాలు ఉడుకుతూనే ఉంటాయి.

నీడలోకి చేర్చి నీళ్లు పోయండి. ఏ నీళ్లన్నది మన ఊళ్లలో పెద్ద ప్రశ్నే. మధ్యాహ్నం డాబా మీద నల్ల ట్యాంకులోని నీళ్లు కాగి ఉంటాయి, పైపులో నిలిచిన నీళ్లు ఇంకా వేడి. ముందు మీ చేతి మీద పోసుకుని చూడండి. మోటార్ వేస్తే నేరుగా వచ్చే బోరు నీళ్లు, నీడలో ఉన్న గోలెం నీళ్లు, రంజన్ అనే మట్టికుండలో నీళ్లు, ఏవి దగ్గరుంటే అవి. దాని ఒంటికన్నా చల్లగా ఉంటే పనికొస్తాయి. పైన బొచ్చు తడిస్తే సరిపోదు, చర్మం దాకా దిగాలి. పొట్ట, ముందు కాళ్ల చంకలు, తొడల సందు, మెడ మీద ఆపకుండా పోస్తూ ఇంకొకరు ఫ్యానో అట్టముక్కో పట్టి విసరాలి. తడి టవల్ కప్పి వదిలేస్తే అది కాసేపట్లో వేడెక్కి దుప్పటిలా వేడిని లోపలే ఆపుతుంది, కప్పొద్దు. ముక్కులోకి నీళ్లు పోకుండా తల ఎత్తి పట్టుకోండి. స్పృహ సరిగ్గా లేని కుక్క నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మధ్యమధ్యలో థర్మామీటర్ చూసి, 103.5కు దిగగానే నీళ్లు ఆపండి. అంతకన్నా దించితే మరీ చల్లబడిపోవచ్చు. అప్పుడు తడి ఒంటితోనే, అద్దాలు దించిన బండిలో గాలి తగిలేలా దవాఖానకు తీసుకుపోండి. లేచి నిలబడింది, తోక ఊపింది, ఇక ఫర్వాలేదని ఇంట్లోనే ఉంచేయొద్దు. మూత్రపిండాలకు, కాలేయానికి, రక్తం గడ్డకట్టే గుణానికి జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

మన జ్వరం గోళీ వేయొద్దు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు విషంతో సమానం, పైగా వడదెబ్బ వేడి వాటితో తగ్గదు. తాటికల్లు చలువ అని కుక్కకు ఒక గుక్క పోయడమూ వద్దు. సారా ఎంతో కుక్కకు కల్లూ అంతే. పలచని చల్ల ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కొద్దిగా పోయొచ్చు, అందులో ఉల్లిగడ్డ ముక్కలు మాత్రం ఉండకూడదు. ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ఈ వారం అభ్యాసం

నిద్రలో ఊపిరి లెక్క, చిగురు నొక్కి చూడటం రోజూ ఒకసారి. నడకలో పది నిమిషాలకోసారి నీడలో ఆగి, నోరు మూస్తుందా లేదా అని చూడండి. ఆదివారం పూట ఇంటిల్లిపాదీ కలిసి వాకిట్లో చల్లబరిచే పని ఒకసారి ఆటలా చేయండి: ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరు తల పట్టుకుంటారు, ఎవరు ఆటో పిలుస్తారు. దగ్గర్లోని పశువుల డాక్టర్ నంబరు, ఆదివారం కూడా చూసే క్లినిక్ ఎక్కడుందో ముందే కనుక్కుని క్యాలెండర్ మీద ఊపిరి లెక్క పక్కనే రాయండి. పిల్లలుంటే చిగుళ్ల పని వాళ్లకివ్వండి. వాళ్లకు కుక్క తొందరగా లొంగుతుంది.

నాలుగో పాఠం నీళ్లలో. సాగర్ ఎడమ కాల్వ లాంటి సిమెంటు లైనింగ్ కాల్వల్లో దిగిన కుక్క ఎక్కి రావడం ఎందుకంత కష్టమో, ఎండాకాలం అడుగంటిన చెరువు మీద తేలే ఆకుపచ్చ తెట్టు ఎందుకు విషమో అందులో చూద్దాం. దానికోసం పదిహేను అడుగుల నూలు తాడు, ఒక పాత టవల్ సిద్ధం చేసుకోండి. అప్పటిదాకా కాల్వ గట్ల మీద లీష్ విప్పొద్దు.