పాత అల్లికలను చదవడం – 4వ పాఠం: ముందు బట్ట, తర్వాత పుస్తకం

గత మూడు పాఠాల్లో నిట్ (నున్నటి వైపు కనిపించే కుట్టు), పర్ల్ (అదే కుట్టు వెనక వైపు, చిన్న గుబ్బలా కనిపించేది) కుట్లు, నాలుగు సూదులతో గుండ్రంగా అల్లడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో చాలాసేపు సూదులు పక్కన పెట్టేస్తాం. ఎవరో ఎప్పుడో అల్లిన వస్తువును చూసి, ఎక్కడ మొదలుపెట్టారు, ఎటువైపు అల్లుకుంటూ పోయారు, ఎక్కడ ముగించారు అన్నది చెప్పగలగాలి. ఆ చూపు వచ్చాకే పాత నమూనా పుస్తకాలు తెరవాలని నేను గట్టిగా నమ్ముతాను. అవి రాసినవాళ్లు తమ కాలంలో అందరికీ తెలిసిన సంగతులు రాయలేదు. ఆ సంగతులు బట్టలోనే ఉండిపోయాయి.

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో బీరువా అడుగున ఒక స్వెట్టరైనా దొరుకుతుంది. డిసెంబరు చలికి పసిబిడ్డ కోసం అమ్మమ్మో పెద్దమ్మో అల్లిన చొక్కా, టోపీ, సాక్సులు. వాటిలో ఒకటి తీసుకోండి. ఏదీ లేకపోతే ఒక కాటన్ బనియను చాలు. తిరుప్పూరులో మెషీను మీద తయారైన బనియన్‌లో ఉన్నదీ మన సూదుల మీద పడే కుట్టే. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేసినప్పటి నుంచి సూదులు మారాయి గానీ కుట్టు మారలేదు.

గాజులు, ఉంగరాలు తీసేయండి. పాత ఊలు వాటికి చిక్కుకుంటే పోగు బయటికి వచ్చేస్తుంది. తెల్ల పంచె పరిచి దాని మీద బట్టను చదునుగా పెట్టండి. చేత్తో ఎత్తి పట్టుకుంటే దాని బరువుకే సాగిపోతుంది. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

ఇప్పుడు నున్నటి వైపు చూడండి. ఒక్కో కుట్టు ఇంగ్లీషు వి అక్షరంలా కనిపిస్తుంది. దాని మొన ఎటు ఉందో అటు అల్లిక మొదలైంది, నోరు ఎటు తెరుచుకుందో అటు సాగింది. స్వెట్టరు వేసుకున్నప్పుడు మొనలు కిందికి ఉంటే నడుము దగ్గర మొదలుపెట్టి మెడ వైపు వచ్చారు. మొనలు పైకి ఉంటే మెడ దగ్గర మొదలుపెట్టారు. చేతుల దగ్గర విడిగా చూడండి. ఒళ్లు ఒక దిక్కుకీ చేతులు ఇంకో దిక్కుకీ ఉంటే, భుజం దగ్గర కుట్లు ఎత్తుకుని చేతుల్ని కిందికి అల్లారన్నమాట. పిల్లలు ఎదిగేకొద్దీ చేతులు పొడిగించడానికి ఇది ఎంతో వీలైన పద్ధతి. మణికట్టు దగ్గర ముగింపు విప్పి ఇంకో నాలుగు వరుసలు వేస్తే సరిపోతుంది. అలా పొడిగించిన చోట రంగులో చిన్న తేడా దొరికితే దాన్ని తప్పకుండా రాసుకోండి. ఒక బిడ్డ రెండో చలికాలం కూడా ఆ స్వెట్టరు వేసుకుందని అది చెబుతుంది.

వి కాళ్లు అడుగున ఒకదాని మీద ఒకటి పడి ఉంటే అది మెలి కుట్టు. ప్రక్క కుట్టుపని ఉంటే ముక్కలుగా అల్లి కలిపారు. లేకపోతే గుండ్రంగా అల్లారు. పాత మేజోళ్లలో మాత్రం జాగ్రత్త. గుండ్రంగా అల్లినా కాలు వెనక నిలువునా ఒక పర్ల్ గీత వేసేవారు. అది చూడటానికి కుట్టుపనిలా ఉంటుంది కానీ, నిజానికి పిక్క దగ్గర కుట్లు తగ్గించడానికి పెట్టుకున్న గుర్తు.

పోగు ఊలా, కాష్‌మిలానా (కృత్రిమ ఊలు) అనే అనుమానం వస్తే లోపలి వైపు వేలాడే చిన్న కొస కత్తిరించి నిప్పు చూపించండి. ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. కాష్‌మిలాన్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అసలు చేతిలో ఉన్నది ఈ అల్లికేనా అన్నది తేల్చుకోవాల్సిన ఇంకో ప్రశ్న. నర్సాపురం లేసు మనకు బాగా తెలుసు. అది కొక్కెం సూదితో చేసేది, ఏ క్షణంలోనైనా సూది మీద ఒకటి రెండు కుట్లే ఉంటాయి. మన అల్లికలో వరుస మొత్తం సూది మీదే ఉంటుంది. ఇంతకంటే కష్టమైన పోలిక ఈజిప్టులో దొరికిన పాత సాక్సులది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చెప్పులోకి పట్టేలా బొటనవేలు విడిగా ఉన్న ఎర్ర ఊలు సాక్సులున్నాయి. రోమన్ల కాలం నాటివి. మొదటి చూపులో ఎవరైనా సూదుల అల్లిక అనే అంటారు. కానీ వాటిని కన్నమున్న ఒకే సూదితో, పొట్టి పోగులు జోడించుకుంటూ, ముడి తర్వాత ముడిగా చేశారు. పోగు కొస లాగితే ఆ అల్లిక జారదు, మనదైతే ముగింపు వైపు నుంచి జారిపోతుంది. మ్యూజియంలో ఉన్నదాన్ని లాగి చూడలేం కాబట్టి, కొద్ది కొద్ది దూరంలో పోగు అతుకులు ఉన్నాయా అని చూడాలి.

అదే ఈజిప్టులో కొన్ని వందల ఏళ్ల తర్వాతి నూలు సాక్సులు మాత్రం నిజమైన సూదుల అల్లికలే. తెలుపు, నీలిమందు నీలం కలిపి, వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి అల్లినవి. ఇవి చూసినప్పుడు నాకు కలిగే ఆశ్చర్యం ఇంతవరకు తగ్గలేదు. మనకు దొరుకుతున్న తొలి అల్లికల్లోనే రెండు రంగుల పని ఇంత నేర్పుగా ఉందంటే, దానికి ముందు ఎంతమంది చేతులు ఎంతకాలం సాధన చేసి ఉండాలి! ఆ ముందటి బట్టలేవీ మనకు మిగల్లేదు.

స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర లాస్ హుయెల్గాస్ మఠంలో, 1275లో చనిపోయిన రాకుమారుడు ఫెర్నాండో దె లా సెర్దా సమాధిలో పట్టుదారంతో అల్లిన తలగడ గలీబు దొరికింది. అంగుళానికి సుమారు 20 కుట్లు. మీ స్వెట్టరు మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని వస్తాయో లెక్కపెట్టండి. ఏడు వస్తే బాగా సన్నటి పనే. 1562లో పీసాలో చనిపోయిన ఫ్లారెన్సు డచెస్ ఎలియొనోరాను ఎర్ర పట్టు మేజోళ్లతో సమాధి చేశారు. పర్ల్ కుట్టును అలంకారంగా వాడిన తొలి నమూనాల్లో అవి ఒకటి.

ఈ రాజుల పట్టు కంటే నాకు ఇష్టమైనది స్కాట్లండుకు ఉత్తరాన షెట్లాండు దీవుల్లో, గన్నిస్టర్ అనే చోట 1951లో బయటపడ్డ మనిషి బట్టలు. పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకునేవాళ్లకు దొరికాయవి. 1700 ప్రాంతంలో చనిపోయిన మామూలు మనిషి. టోపీలు, చేతి తొడుగులు, మేజోళ్లు, చిన్న సంచి, అన్నీ చేత్తో అల్లినవే. బూడిద రంగు సంచి మీద ఎరుపు, తెలుపు పట్టీలున్నాయి, లోపల నాణేలున్నాయి. వాటి మీది సంవత్సరాల వల్లే ఆ బట్టల కాలం తెలిసింది. మామూలు జనం బట్టలు అరిగేదాకా వాడి పారేస్తారు కాబట్టి ఇలాంటివి మిగలడం చాలా అరుదు. మీ ఇంట్లో పాత స్వెట్టరుంటే దాన్ని పాత్రలు తుడిచే గుడ్డగా మార్చకండి. దయచేసి.

ఇక పుస్తకాలు. ఇంగ్లీషులో అచ్చయిన తొలి అల్లిక నమూనా 1655 నాటిది, మేజోళ్లు అల్లే పద్ధతి. అది ఉన్నది ఒక వైద్య చిట్కాల పుస్తకంలో! 1840 ప్రాంతానికి వచ్చేసరికి ఇళ్లలో ఆడవాళ్ల కోసమే నమూనా పుస్తకాలు విరివిగా వచ్చాయి. ఎడిన్‌బరోలో ఊలు దుకాణం నడిపిన జేన్ గాగెన్ 1840లో తన పుస్తకం తెచ్చింది. అప్పటికి గుర్తులకు ఒక పద్ధతి లేదు, ఎవరి గుర్తులు వాళ్లవే. ఈరోజు ‘పి’ అంటే పర్ల్. ఆ కాలపు పుస్తకాల్లో అది సాదా కుట్టు, అంటే మన నిట్ కూడా కావచ్చు. కాబట్టి పాత పుస్తకం తెరవగానే గుర్తుల పేజీ చదివి, చిన్న ముక్క అల్లి చూడండి. బొమ్మకు తిరగబడి వస్తే గుర్తు తిరగబడిందని అర్థం.

బెంగళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల బళ్ల మీదో, చర్చ్ స్ట్రీటు షాపుల్లోనో ఇంగ్లీషు నమూనాలు దొరికితే సూది నంబరు దగ్గర ఆగండి. పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 8వ నంబరు 4 మి.మీ., 10 అంటే 3.25, 14 అంటే 2. ఈ లెక్క తీగ కొలతల నుంచి వచ్చింది. తీగను ఎన్నిసార్లు రంధ్రంలోంచి లాగితే అంత సన్నగా అయ్యేది. అమెరికా లెక్క దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ 8వ నంబరు 5 మి.మీ. పుస్తకం ఎక్కడ అచ్చయిందో చూడకుండా సూది తీసుకుంటే స్వెట్టరు దుప్పటి అయిపోతుంది. పైగా పాత నమూనాల్లో చాలావరకు ఒకే సైజు ఇస్తారు, ఊలు లావు చెప్పరు. అక్కడ మీ బట్ట సాయపడుతుంది. పది సెంటీమీటర్లకు 28 కుట్లు వస్తే దాదాపు ఫోర్ ప్లై (సన్నటి) ఊలు, 3.25 మి.మీ. సూది. 22 వస్తే డబుల్ నిట్టింగ్ (దానికంటే లావైన) ఊలు, 4 మి.మీ. సూది.

ఈ వారం అభ్యాసం. ఫోర్ ప్లై ఊలు నీలం, తెలుపు తీసుకోండి. నీలంతో 48 కుట్లు ఎక్కించి మూడు సూదుల మీద 16 చొప్పున పంచండి. నాలుగు వరుసలు ఒక నిట్, ఒక పర్ల్. తర్వాత ఒక వరుస నీలం నిట్. ఇక్కడి నుంచి అన్నీ నిట్టే.

మొదటి వరుస: ఒక తెలుపు, మూడు నీలం. రెండో వరుస: రెండు తెలుపు, ఒక నీలం, ఒక తెలుపు. మూడోది మొదటి వరుసలాగే. నాలుగోది మొత్తం నీలం. ఐదు: రెండు నీలం, ఒక తెలుపు, ఒక నీలం. ఆరు: ఒక నీలం, మూడు తెలుపు. ఏడు, ఐదో వరుసలాగే. ఎనిమిదోది మళ్లీ నీలం. వరుస పూర్తయ్యేదాకా ఈ నాలుగు కుట్లే తిరుగుతాయి. వెనక పోయే దారాన్ని బిగించకండి. బిగిస్తే ముందువైపు ముడతలు పడతాయి.

రెండుసార్లు అల్లాక ఆపి, అల్లినదాన్ని చూస్తూ గడుల కాగితం మీద దించండి, నా వరుసలు చూడకుండా. కాగితం మీది గడి చదరం, మీ కుట్టు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. అందుకే కాగితం మీది బొమ్మ నిలువుగా సాగినట్టుంటుంది. అది తప్పు కాదు.

ముక్కను ముగించకుండా కుట్లను ఒక దారం మీదకు ఎక్కించి ఉంచండి. ఐదో పాఠంలో దాని కిందే మేజోడు మడమ తిప్పుతాం. దానికి అదే నీలం ఊలు ఇంకో 20 గ్రాములు, ఒక పిన్నీసు సిద్ధం చేసుకోండి.