ఏడో నెలలో మా పాపకు పాలెన్ని, ఆహారమెంత: నా అనుభవం
మా పాపకు ఏడో నెల నడుస్తున్నప్పుడు, గిన్నెలో కలిపిన మెత్తని ఆహారమంతా అయిపోవాలని నేను పట్టుబట్టేదాన్ని. పాప రెండు చెంచాలు తిని, పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకునేది. పాలు పట్టిన వేళలన్నీ రాసుకున్నాకే పొరపాటు తెలిసింది: కడుపు నిండా తాగిన పావుగంటకే చెంచా అందిస్తున్నాను. అప్పటి నుంచి రెండింటి మధ్య గంటకు పైగా వ్యవధి ఉంచి, 6–8 నెలల పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినట్లు రోజుకు 2–3 సార్లు, రెండు మూడు పెద్ద చెంచాలతో (టేబుల్ స్పూన్లతో) మొదలుపెట్టి, పాప ఇష్టాన్ని బట్టి అరకప్పు వరకు పెంచాను. తల్లిపాలు 6–12 నెలల మధ్య బిడ్డకు కావలసిన శక్తిలో సగం, అంతకన్నా ఎక్కువే ఇవ్వగలవు కనుక వాటిని తగ్గించలేదు. ముందుకు వంగి నోరు తెరిస్తే మరో చెంచా పెడతాను, ముఖం తిప్పితే ఆపేస్తాను. తినే కొలత రోజుకో తీరుగా ఉన్నా, పాప మూత్రం మామూలుగానే పోస్తోంది, బరువు ఎదుగుదల పట్టికలో తన గీత వెంటే పెరుగుతోంది.