డ్యూటీ డాక్టరుకు ఫోన్‌లో ఎలా చెప్పాలి? నర్సులకు నేర్పే పద్ధతి

"సార్, ఏడో బెడ్ పేషెంటుకి బాలేదు, ఒకసారి రండి." రాత్రి రెండింటికి ఈ ఫోను వస్తే, పరుగెత్తాలో, తెల్లారాక చూడొచ్చో డాక్టరుకు అర్థం కాదు. నర్సుకు అన్నీ తెలుసు, చెప్పే వరస ఒక్కటే కావాలి. ఎస్‌బార్ (SBAR: సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్) అనే పద్ధతి ఆ వరస నేర్పుతుంది. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో మొదలై, అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల ద్వారా వైద్యంలోకి వచ్చింది.

ముందుగా నాలుగు ముక్కలూ నేర్పండి: ఇప్పుడేమైంది, అంతకుముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఉదాహరణకు:

"సార్, సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సుని. ఏడో బెడ్ పేషెంటు బీపీ 84/50కి పడిపోయింది, పల్స్ 124. పొద్దున పేగు ఆపరేషనైంది, సాయంత్రం దాకా బీపీ 120/80 ఉంది. ఈ గంటలో డ్రెయిన్ గొట్టంలో 200 మి.లీ. రక్తం వచ్చింది. లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి. ఈలోగా రక్తం సిద్ధం చేయించమంటారా?"

తర్వాత మీ వార్డులో జరిగిన కేసులే తీసుకుని జంటలుగా ప్రాక్టీసు చేయించండి. ఒకరు నర్సు, ఇంకొకరు నిద్రలేచిన డాక్టరు. ఫోన్‌లో ముఖం కనిపించదు కాబట్టి వీపులు ఆనించి కూర్చోబెట్టండి. కేస్ షీటు, అప్పుడే చూసిన బీపీ, పల్స్ చేతిలో లేకుండా ఫోను ఎత్తకూడదు.

చాలామంది ఆగిపోయేది చివరి రెండు ముక్కల దగ్గరే. "డాక్టరుగారికి మనం చెప్పేదేంటి" అన్న జంకు పోవాలంటే ఆ డాక్టర్లనే శిక్షణలో కూర్చోబెట్టాలి. "నీకేమనిపిస్తోంది సిస్టర్?" అని వాళ్ల నోటితో అడిగించాలి. డాక్టర్లు రాని శిక్షణ సగమే పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

ఫోన్‌లో చెప్పిన మందును తిరిగి చదివి వినిపించడం అలవాటు చేయండి: పేరు, మోతాదు, ఎలా ఇవ్వాలి. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. అందుకే 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అని విడివిడిగా పలకమనండి. డాక్టరు 'అవును' అన్నాకే ఇంజెక్షన్ తీయాలి.

చెప్పినా పట్టించుకోకపోతే? ఆసుపత్రి సిబ్బందికి జట్టుగా పనిచేయడం నేర్పే, అమెరికాలో 2006లో వచ్చిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో దీనికి దారి ఉంది. అనుమానాన్ని కనీసం రెండుసార్లు స్పష్టంగా చెప్పాలి, అప్పటికీ కదలకపోతే పై డాక్టరుకు చెప్పాలి. ఆ పై నంబరు ఎవరిదో నర్సింగ్ సూపరింటెండెంట్ ముందే రాసి నర్సింగ్ స్టేషన్‌లో అతికించాలి. అలా ఫోన్ చేసిన సిస్టర్‌ను మర్నాడు ఎవరూ మందలించకూడదు.

షిఫ్టు మారేటప్పుడూ ఇదే వరసలో, బెడ్ పక్కనే నిలబడి అప్పగించమనండి. నెల తర్వాత హెడ్ నర్సు రెండు మూడు హ్యాండోవర్లు విని, ఏ ముక్క వదిలేస్తున్నారో పేషెంట్ల ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పాలి.