పాత టీవీ వీడియో గేమ్‌ని పోర్టబుల్ చేశాను, స్క్రీన్ మీద లైన్లు ఎలా పోయాయంటే

మనందరం టీవీకి తగిలించి ఆడిన కేసెట్ వీడియో గేమ్ ఉంది కదా, 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో వాళ్ళ ఫ్యామికామ్ గేమ్ మెషిన్‌కి కాపీ, అవే 60 పిన్నుల కేసెట్లు. దాని బోర్డుకి కారు రివర్స్ కెమెరాకి వాడే 4.3 అంగుళాల స్క్రీన్ కలిపి చేతిలో పట్టుకుని ఆడేలా చేశాను.

అసలు తలనొప్పంతా పవర్ దగ్గరే. బోర్డులో ఉండే 7805 రెగ్యులేటర్ 5 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి దాదాపు 7 రావాలి, రెండు 18650 సెల్స్ (ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీలు) సిరీస్‌లో పెడితే ఫుల్ ఛార్జ్‌లో 8.4 ఉంటుంది గానీ ఆడేకొద్దీ 7 కిందకి దిగిపోయి బొమ్మ వణకడం, గేమ్ మళ్ళీ మొదటికి రావడం, పైగా మిగిలిన వోల్టేజంతా వేడిగా వేస్ట్. అందుకే 7805 పీకేసి, సెల్స్ రెండూ పారలల్ చేసి (కలిపేముందు రెండింటి వోల్టేజ్ సమానంగా ఉండాలి, ఇది మాత్రం మర్చిపోకండి), సెల్స్ పాడవకుండా కాపాడే ప్రొటెక్షన్ బోర్డు పెట్టి, వోల్టేజ్ పెంచే బూస్ట్ మాడ్యూల్‌తో 5 తెచ్చాను. మాడ్యూల్ మీద చిన్న స్క్రూ తిప్పుతూ మల్టీమీటర్‌లో 5 చూశాకే బోర్డుకి కలపాలి. స్క్రీన్‌కి 12 వోల్టులు, దానికి ఇంకో మాడ్యూల్.

ఇక బొమ్మ మీద అడ్డంగా సన్నటి లైన్లు పాకడం మొదలైంది. అది మాడ్యూల్స్ స్విచింగ్ నాయిస్, అంటే అవి లోపల వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ పవర్‌లో కలిపే అలజడి. బోర్డు పవర్ పాయింట్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేసి, స్క్రీన్ గ్రౌండ్ వైరు విడిగా బ్యాటరీ దాకా లాగితే శుభ్రంగా పోయాయి, స్క్రీన్ మార్చే పనే లేదు.

బటన్లకి జాయ్‌స్టిక్ బోర్డే వాడుకోండి. నల్లటి కార్బన్ ప్యాడ్ల మీద సోల్డర్ అంటుకోదు, పక్కనుండే రాగి గీతని బ్లేడుతో గీకి అక్కడ వేయండి.