పిల్లల అక్రమ రవాణాపై ఫిర్యాదు: ఏం రాయాలి, ఎవరికివ్వాలి, పరిహారం ఎలా అడగాలి

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఆశపెట్టో, బెదిరించో, కన్నవాళ్ల చేతిలో డబ్బు పెట్టో తీసుకెళ్లి వెట్టి చేయించినా, అడుక్కోవడానికి దింపినా, వ్యభిచారంలోకి నెట్టినా కనీస శిక్ష పదేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఒకరికంటే ఎక్కువ మంది పిల్లలైతే కనీసం 14 ఏళ్లు. ఇది 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షన్. ఈ శిక్షలు 2013 నుంచి పాత ఐపీసీలోనూ ఉన్నాయి. కొత్త చట్టంలో పెరిగినవి వేరే. అక్రమంగా తరలించిన బిడ్డ అని తెలిసీ లైంగిక దోపిడీకి వాడుకున్నవాడికి (144వ సెక్షన్) గరిష్ఠ శిక్ష ఏడేళ్ల నుంచి పదేళ్లయింది. వ్యభిచారం కోసం పిల్లల్ని కొన్నవాడికి ఇదివరకు కనీస శిక్షంటూ లేదు, ఇప్పుడు ఏడేళ్ల నుంచి 14 ఏళ్లు. దోపిడీ నిర్వచనంలో భిక్షాటన కూడా చేరింది.

కాగితం మీద ఇంత గట్టిగా ఉన్నా, గాజుల కార్ఖానాలోనో ఇటుక బట్టీలోనో పిల్లలు దొరికినప్పుడు చాలాసార్లు బాలకార్మిక చట్టం ఒక్కటే పెట్టి సరిపెడతారు. అందులో మొదటిసారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా. జరిమానాతో బయటపడే దారి ఉందన్నమాట. పైగా 14 దాటిన పిల్లలకు ఆ చట్టం ప్రమాదకరమైన పనుల్లోనే వర్తిస్తుంది. 143కి ఆ పరిమితి లేదు, పిల్లల విషయంలో చెప్పిన ఆ శిక్షలు 18 నిండేదాకా వర్తిస్తాయి. ఏ సెక్షన్ పడుతుందన్నది చాలావరకు మీ ఫిర్యాదులో ఏం ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఫిర్యాదు రాయడం

ముందు ఫోన్. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే 1098కి గానీ 112కి గానీ చేయండి. మీరు బంధువే కానక్కర్లేదు, పక్కింటివారైనా, బస్సులో చూసినవారైనా చాలు. ఆ తర్వాత స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట తెల్లకాగితం మీద ఫిర్యాదు రాయండి. ప్రత్యేకమైన ఫారం లేదు, రుసుము లేదు.

"మా అబ్బాయిని పనికి తీసుకెళ్లారు, పంపడం లేదు" అని రాస్తే అది జీతం తగాదాలా కనిపిస్తుంది. ఇలా రాయండి: "ఫలానా ఊరికి చెందిన ఫలానా మేస్త్రీ, నెలకు ఇంత ఇప్పిస్తానని నమ్మించి, మాకు ఇంత అడ్వాన్స్ ఇచ్చి, పదిహేనేళ్ల మా అబ్బాయిని ఫలానా తేదీన ఫలానా రైలెక్కించాడు. అక్కడ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా పని చేయిస్తున్నారు. ఫోన్ లాక్కున్నారు. డబ్బు తిరిగి కడితేనే వదులుతామంటున్నారు." ఎవరు తీసుకెళ్లారు, ఏ మాట చెప్పి తీసుకెళ్లారు, అక్కడ ఏం చేయిస్తున్నారు అన్న మూడూ అందులో ఉండాలి. అబ్బాయి తనంతట తనే వెళ్లాడని అవతలివాళ్లు అన్నా ఫర్వాలేదు, బాధితుడి సమ్మతికి 143లో విలువ లేదు.

వయసు దగ్గరే చాలా కేసులు వీగిపోతాయి. స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, అదీ లేకపోతే వైద్య పరీక్ష. బాలల న్యాయ చట్టం చెప్పే వరస ఇదే. అందులో ఆధార్ లేదు. దళారీ చేతిలో 19 ఏళ్లని చూపే ఆధార్ ఉన్నా కంగారు పడకుండా బడికి వెళ్లి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోండి.

స్టేషన్‌లో "మా పరిధి కాదు, అబ్బాయి ఎక్కడున్నాడో అక్కడ ఇవ్వండి" అంటారు. పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. 143, 144 సెక్షన్ల కిందకి వచ్చే సమాచారాన్ని నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన జైలు ఉందని న్యాయ సంహిత 199వ సెక్షన్‌లో ఉంది. ఫిర్యాదు రాసుకునే స్టేషన్ రైటర్‌తో గొడవ పడకుండా ఆ నంబరును మర్యాదగా గుర్తు చేయండి. అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదును రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచుకోండి. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలన్నా ఎస్పీకి పంపిన రుజువు, అఫిడవిట్ అడుగుతారు.

బిడ్డ ఎక్కడుందో తెలియకపోతే మిస్సింగ్ ఫిర్యాదు ఇవ్వండి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం దానికీ ఎఫ్ఐఆర్ తప్పనిసరి. నాలుగు నెలల్లో ఆచూకీ దొరకకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి బదిలీ కావాలి.

అడ్వాన్స్ తీసుకున్నాం కదా అన్న భయం

ఎక్కువ మంది తల్లిదండ్రులు స్టేషన్ గడప తొక్కనిది ఇందుకే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయినట్టే. దాన్ని వసూలు చేసుకున్నవాడికి మూడేళ్ల వరకూ జైలు. 2025లో ఓ యానాది పిల్లాడిని అప్పు కింద బాతుల యజమాని దగ్గర ఉంచితే, ఆ బిడ్డ ప్రాణాలతో ఇంటికి రాలేదు. అప్పు తీర్చాక తెచ్చుకుందాంలే అని ఆగొద్దు.

బిడ్డ దొరికాక

ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. బిడ్డను ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అన్నది కమిటీయే విచారించి నిర్ణయిస్తుంది. ఈలోగా ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. బాధిత బాలల గుర్తింపు బయటపెట్టడం కూడా నేరమే.

వెట్టి పనిలో దొరికితే ఆర్డీవో లేదా కలెక్టర్‌కు విడుదల ధ్రువపత్రం (వెట్టి నుంచి విడిపించినట్టు ఇచ్చే కాగితం) కోసం విడిగా దరఖాస్తు పెట్టండి. కేసు ఉంది కదా అని దీన్ని వదిలేస్తే కేంద్ర పునరావాస పథకం డబ్బు రాదు. తక్షణ సాయం 30 వేల వరకు. మొత్తం సాయం పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో మూడు లక్షలు. పూర్తి మొత్తం మాత్రం కేసు తేలాకే అందుతుంది.

నేర బాధితుల పరిహారం వేరే దారి. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ కాపీ, వయసు పత్రం, వైద్య పరీక్ష జరిగి ఉంటే ఆ నివేదిక, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు జతచేయండి. నిందితుడు దొరక్క, కోర్టులో కేసు విచారణే జరగకపోయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 396వ సెక్షన్ ప్రకారం ఆ దరఖాస్తుపై రెండు నెలల్లో విచారణ ముగించాలి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు కూడా ఉంటే ప్రత్యేక కోర్టును మధ్యంతర పరిహారం అడగవచ్చు. రాయడం రాకపోతే 15100కి ఫోన్ చేయండి, ఉచితంగా న్యాయసహాయం ఇస్తారు.

కేసు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులే మీకు చెప్పాలి. చెప్పకపోతే ఎఫ్ఐఆర్ నంబరు వేసి ఎస్పీకి ఇంకో ఉత్తరం రాయండి. ఎఫ్ఐఆర్‌లో 143వ సెక్షన్ ఉందా లేదా అన్నది కూడా అడగండి. లేకపోతే కారణం రాతపూర్వకంగా కోరండి, ఛార్జిషీటు వేసేలోపే ఆ సెక్షన్ చేర్చడం తేలిక.