రాడ్ బేరింగులు ముందే మార్చాలా? ఎండలు ముదరకముందే తేల్చుకోండి

ఈ మధ్య నెల్లూరు, ఒంగోలు వైపు కూడా పాత బీఎండబ్ల్యూ ఎం3, ఎం5 కార్లు సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకునేవాళ్లు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. తెల్లవారుజామున హైవే ఎక్కి చెన్నై దాకా పోయి రావడం, వీలైతే శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ఒక పూట తిప్పడం వాళ్ల ముచ్చట. వాళ్లకు టెన్షన్ పెట్టే ప్రశ్న ఒకటే. ఇంజన్ చక్కగా నడుస్తోంది, అయినా రాడ్ బేరింగులు ముందే మార్చెయ్యాలా? ఈ సంగతి మార్చి దాటకముందే తేల్చుకోండి. మే నెలలో పడమటి గాలి దుమ్ము లేపుతుంటే రేకుల షెడ్డులో ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) దించి కూర్చోమని నేను ఎవరికీ చెప్పను.

పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది గుండ్రంలో అర్ధచంద్రాకారపు పలుచని రేకులు రెండుంటాయి. రాడ్ బేరింగులంటే అవే, షెల్స్ అని కూడా అంటారు. బండి సరిగ్గా నడుస్తున్నంతసేపు అవి క్రాంకును తాకవు, మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది. క్రాంకు మీద రాడ్ పట్టుకునే గుండ్రటి భాగం జర్నల్. దాని అడ్డుకొలతలో వెయ్యో వంతు సందు ఉండాలని పాత మేస్త్రీల లెక్క. 52 మిల్లీమీటర్ల జర్నల్‌కు అది 0.05 మిల్లీమీటరు, దాదాపు తలవెంట్రుకంత. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) రెట్టింపైతే పిస్టన్ ఊపుకు రాడ్ మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 4,000 దగ్గర తీరిగ్గా ఉన్న పొర 8,000 దగ్గర ఎంత నలుగుతుందో చూడండి.

మా నాన్నకు లారీ ఉండేది. బియ్యం బస్తాలు మద్రాసుకు తోలేవాళ్లం. ఒకసారి గూడూరు దాటాక ఆయిల్ ప్రెషర్ లైటు మినుకుమంది. నాయుడుపేటలో ఆపి చూద్దాంలే అనుకున్నాం. అక్కడికి చేరేలోపే కింద నుంచి టకటకా కొట్టుడు మొదలైంది. ఆటోనగర్‌లో పెద్దమేస్త్రి ఛాంబర్ దించి, ఆ షెల్స్ తీసి నా అరచేతిలో పెట్టాడు. రెండూ ఒకదాని మీదకొకటి ఎక్కి, అంచులు నలిగి, బ్లేడంత పలచగా సాగిపోయి ఉన్నాయి. “శబ్దం వచ్చినాక బేరింగు గురించి మాట్లాడేదేముంది అబ్బయ్యా, ఇంక క్రాంకు గురించే మాట్లాడాల” అన్నాడు. ముప్పై కిలోమీటర్ల నిర్లక్ష్యానికి క్రాంకు గ్రైండింగ్ చేయించి, సన్నబడ్డ క్రాంకుకు సరిపోయే అండర్‌సైజు బేరింగులు వేయించాం. లారీ కాబట్టి అంతటితో పోయింది. ఈ కార్లకు క్రాంకు దెబ్బతింటే బయటి నుంచి తెప్పించాలి, రాడ్ తెగితే బ్లాక్‌కే కన్నం పడుతుంది.

అలాగని అన్ని కార్లకూ ఈ భయం అక్కర్లేదు. పేరుపడ్డవి ముఖ్యంగా మూడు ఇంజన్లు (‘ఈ’తో మొదలయ్యేది కారు మోడల్ కోడ్, ‘ఎస్’తో మొదలయ్యేది ఇంజన్ కోడ్; వీ8 అంటే ఎనిమిది సిలిండర్లు, వీ10 అంటే పది). ఈ46 ఎం3లోని ఆరు సిలిండర్ల ఎస్54, ఈ90, ఈ92 ఎం3లోని 4 లీటర్ల వీ8 ఎస్65, ఈ60 ఎం5లోని 5 లీటర్ల వీ10 ఎస్85. మూడూ 8,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో తిరిగేవే. 2000ల మొదట్లో వచ్చిన ఈ46 ఎం3లకు కంపెనీయే పిలిచి రాడ్ బేరింగులు మార్చింది. ఎస్65లో మొదట సీసం-రాగి బేరింగులుండేవి, తర్వాత తగరం-అల్యూమినియం రకం వచ్చాయి. మీది ఈ కుటుంబం కాకపోతే, ప్రెషర్ బాగుంటే, శబ్దం లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ విప్పించకండి. విప్పడం కూడా ఒక రిస్కే.

నిర్ణయానికి ముందు ఆయిల్ ఏం చెబుతోందో వినాలి. ఇంజన్ వేడి మీద డ్రెయిన్ బోల్టు తీసి, మొదటి ధార పోనిచ్చి, మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టి చెన్నైలోని ల్యాబుకు పంపండి. రిపోర్టులో సీసం, రాగి, తగరం, అల్యూమినియం ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉన్నాయో చూడండి. మీ ఇంజన్‌లో ఏ రకం బేరింగు ఉందో తెలియకుండా ఆ అంకెలు చదివితే తప్పుదారి పడతారు. తగరం-అల్యూమినియం బేరింగున్న బండిలో సీసం లేదని సంతోషించి లాభం లేదు. ఒక్క రిపోర్టు కన్నా వరుసగా మూడు ఆయిల్ మార్పుల రిపోర్టులు పక్కపక్కన పెడితే నిజం కనబడుతుంది. ఇంకో సంగతి, ఆ పరీక్ష సన్నటి రేణువుల్నే లెక్కిస్తుంది, పెద్ద పొట్టు దానికి చిక్కదు.

అందుకే ఫిల్టర్ పారెయ్యకండి. కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి, ఆయిల్ పిండేసి ఎండలోకి తీసుకుపోండి. వెంకటగిరి చీర జరీ రాలినట్టు తళుకులు కనిపిస్తే అయస్కాంతం ఆడించండి. అంటుకున్నది ఇనుము. అంటుకోకుండా అక్కడే మెరుస్తుంటే అది బేరింగు లోహం కావచ్చు. నన్నడిగితే అది చూశాక ఇంకో రిపోర్టు కోసం ఆగను.

ఫిల్టర్ శుభ్రంగా ఉంటే? మీది ఆ మూడింటిలో ఒకటై, పాత ఓనర్ ఏ ఆయిల్ పోశాడో, ఎప్పుడెప్పుడు మార్చాడో కాగితం ముక్క కూడా లేకపోతే, పైగా ట్రాక్ మీద తిప్పాలనుకుంటే మార్చెయ్యండి. సర్వీసు రికార్డు పూర్తిగా ఉండి, రిపోర్టులు నిలకడగా ఉండి, హైవే మీద వంద దాటకుండా పోయే బండైతే ఇంకో ఏడాది చూడొచ్చు. ఓడోమీటర్ ఒక్కటే చూసి తేల్చేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. చల్లటి ఇంజన్‌ను రెడ్‌లైన్ (మీటర్‌లో ఎర్రగీత) దాకా లాగినవాడి 40,000 కిలోమీటర్లూ, వేడెక్కనిచ్చి నడిపినవాడి లక్షా ఒకటి కావు.

మార్పించేటట్టయితే మేస్త్రీ దగ్గర కూర్చోండి. ఇంజన్‌ను పై నుంచి సపోర్టు బార్‌కు వేలాడదీసి, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింద ఉండే ఇనుప చట్రం) దించాకే ఛాంబర్ కిందికి వస్తుంది. ఏ క్యాప్ (రాడ్ కింది గుండ్రంలో ఊడివచ్చే సగం) ఏ రాడ్‌దో ముందే గుర్తు పెట్టాలి. అదే రాడ్‌కు, అదే దిక్కున తిరిగి ఎక్కాలి. జర్నల్ మీద గోరు నడపండి, గీత తగిలితే అక్కడే ఆపెయ్యండి, కొత్త షెల్ దాన్ని కాపాడదు. ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే సన్నటి ప్లాస్టిక్ దారం) సందు కొలవమనండి. పాత రాడ్ బోల్టులు మళ్లీ వాడొద్దు, అవి ఒకసారి సాగి బిగుసుకునేవి. కొత్తవాటిని తయారీదారు చెప్పిన టార్క్ (బిగింపు బలం), కోణం ప్రకారమే బిగించాలి, చేతి అంచనా పనికిరాదు. పాత షెడ్లలో షెల్‌ను ఎమ్రీ పేపర్‌తో రుద్ది ‘సెట్’ చేసే అలవాటుంది. ఎంత అనుభవమున్నవాడైనా సరే, ఈ ఇంజన్‌కు ఆ పని చేయనివ్వకండి.

మార్చినా మార్చకపోయినా ఒక జాగ్రత్త మన ఎండల్లోనే ఎక్కువగా తప్పుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అంత ఎండలో ఇంజన్ వేడెక్కించేదేముందని స్టార్ట్ చేయగానే తొక్కేస్తారు. ఈ ఇంజన్లకు కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ-60 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే ఆరేడు రెట్లు చిక్కగా ఉంటుంది. మనకు ఒళ్లు మండే ఎండ, ఆ ఆయిల్‌కు ఇంకా చలే. నీళ్ల వేడి ముందే ఎక్కుతుంది, దాన్ని నమ్మొద్దు. ఎస్65 బండిలో ఆయిల్ టెంపరేచర్ ముల్లు వేరే ఉంది. ఆర్‌పీఎం మీటర్ అంచున వెలిగే లైట్లు కూడా ఆయిల్ వేడెక్కేకొద్దీ పెద్ద అంకెల వైపు జరుగుతాయి. ముల్లు 80 దాటేదాకా 4,000 దాటకండి. ఆయిల్ లెవెల్ వారానికోసారి, ట్రాక్‌కు పోయేరోజు రెండుసార్లు చూడండి.

తీసిన పాత షెల్స్ పారెయ్యనివ్వకండి. వీ8కు 16, వీ10కు 20 వస్తాయి. సిలిండర్ నంబరు, పైదో కిందిదో రాసి అట్టముక్క మీద వరుసగా అంటించండి. పై పూత లేచిపోయి కింది పొర బయటపడ్డవి ఎన్నో, సమానంగా బూడిదరంగులో ఉన్నవి ఎన్నో అప్పుడు లెక్క తెలుస్తుంది. ఆ అట్టను సర్వీసు కాగితాలతోపాటు డిక్కీలో పెట్టి ఉంచండి. కారు అమ్మేరోజు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.